త్రాసు పేరు మీద

మిషన్ బడిలో నేను గుమస్తాని.
చేతి కింద కార్బన్ కాగితం,
జేబు మీద నీలం మరక.
గ్రీమ్స్‌పేటలో ఎవర్నడిగినా చెబుతారు
ఏసుపాదం సారు లెక్క తప్పడని.

ఈ లెక్క మాత్రం నాది కాదు,
ఎనిమిదో తరగతి ఆడపిల్లలది.

సైన్సు ప్రదర్శనకని మగపిల్లలు
అగ్నిపర్వతంలో సోడా పొంగిస్తా ఉంటే
హెప్సిబా, మునిలక్ష్మి, దిల్షాద్
గేటు కాడ నిలబడి
ఇంటికి పోయే నీళ్ళ సీసాలు తూచినారు.
మునిలక్ష్మి వాళ్ళ నాయన బెల్లం మండీలో హమాలీ.
త్రాసు అక్కణ్ణుంచే వచ్చింది.
దిమ్మెలు తూచే త్రాసు గదా,
ఒక్క సీసాకు ముల్లు కదల్లేదు.
గంపలో వేసి, క్లాసుకు క్లాసు తూచినారు.

పొద్దున నిండుగా వచ్చిన గంప
సాయంత్రం నిండుగానే పోతా ఉంది.
నూట పన్నెండు మంది. పది దినాలు. ఏప్రిల్ ఎండ.
చార్టు మీద నీలం గీతలు,
తాగని నీళ్ళు ఎంతో అంత పొడుగు.
కింద గుండ్రటి అక్షరాలతో
"మరుగుదొడ్లు మూడు.
ఒకదానికి గడియ లేదు."

చూడొచ్చిన పెద్దలు
గొంతు సవరించుకోని
అగ్నిపర్వతానికి మొదటి బహుమతి ఇచ్చి పోయినారు.

దయామణి టీచరమ్మ ఏమీ అనలేదు.
క్యాలెండరు తీసేసి
తన కుర్చీకి ఎదురుగా ఆ చార్టు తగిలించింది.
సెలవులైనాక నన్ను పిలిచి
కొత్త రసీదు పుస్తకం కొట్టించమనింది.

తిరిగినాము.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆయన
ఫ్యాను కింద కూర్చోబెట్టి రసం పోయించినాడు.
"బడికి ఆర్చి కట్టండి సార్,
యాభై వేలు ఇప్పుడే రాస్తా, మా నాయన పేరుతో.
దొడ్డి మీద ఆయన పేరు ఎట్ల రాయించేది?
మీరే చెప్పండి."
నేనేం చెప్పేది.
రసం మాత్రం తియ్యగా ఉండింది.

ఆమీద కోత పండుగ వచ్చింది.
షామియానా కింద వేలం:
రెండు పుంజులు, చెరుకు గడలు,
ఎవరో కుట్టిన దిండు గలీబులు,
తవణంపల్లి నుంచి ఒక గుమ్మడికాయ.
ఆ కాయను నర్సు సుగుణమ్మ పాడి, తిరిగి బల్ల మీదే పెట్టింది.
ఆటో జోసెఫు పాడి, తిరిగి పెట్టినాడు.
పంచర్ల అంగడి దిల్షాద్ వాళ్ళబ్బ
నూటా ఇరవైకి పాడి
"మా బిడ్డ కూడా తూచింది" అన్నాడు మైకులో.
ఆరుసార్లు అమ్ముడుపోయింది కాయ,
ఉన్న చోటే ఉంది.

అప్పుడొచ్చినాడు మండీ చెంగల్రాయ నాయుడు
చందాకు కాదు, త్రాసుకు.
ఏడు నెలలుగా మా స్టోరు రూములో ఉండిపోయింది.
"నా త్రాసుతో ఏం తూచినారమ్మే?"
మునిలక్ష్మి చెప్పింది,
నేల చూస్తా, చిన్న గొంతుతో, అంతా.
ఆయన కండువా తీసి మెడ తుడుచుకున్నాడు.
చాలాసేపు తుడుచుకున్నాడు.

ఏడో పాట ఆయనది.
అంకె చెప్పను, పాస్టరయ్య మైకు పక్కకు పెట్టినాడు.
"పేరొద్దు. రసీదూ వద్దు."
రసీదు లేకుండా రూపాయి ముట్టను, అది నా జబ్బు.
ఇద్దరం కాసేపు వాదులాడుకున్నాము.
ఎనభై ఆరో నంబరు రసీదు చూడండి, కావాలంటే.
ఇచ్చినవారు అన్న చోట
నా దస్తూరీతో ఉంది: త్రాసు.

కాయ హాస్టలు సాంబారులోకి పోయింది.

ఇప్పుడు ఆరు గదులు, ఆరు గడియలు.
నాలుగోది బిగుసుగా ఉంది, నూనె వేయాల.
మేస్త్రీకి పద్దెనిమిది వందలు బాకీ,
శనివారం శనివారం వచ్చి
తలుపు కాడ దగ్గి పోతాడు.
పిల్లలు మళ్ళీ తూస్తారంట, త్రాసు అడిగినారు.
అందరూ తాగుతా ఉన్నారని చెప్పలేను.
కొందరికింకా భయం పోలేదు.

నిన్న సాయంత్రం గంట కొట్టినాక
గేటు కాడ ఎవరిదో సీసా జారి
బండల మీద పడింది.
డొల్లగా మోగింది.
పెన్ను కింద పెట్టి విన్నాను.